రేటింగ్ పడినా గ్రాండ్‌మాస్టరే

కర్నూలులోనో కడపలోనో ఆదివారం ఏదో ఒక స్కూలు హాల్లో చదరంగం పోటీ జరుగుతుంటే, లోపల పిల్లలు ఎంత ఉత్కంఠగా కూర్చుంటారో బయట వరండాలో తల్లిదండ్రులూ అంతే ఉత్కంఠగా కూర్చుంటారు. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, తర్వాతి రౌండు పెయిరింగ్ ఎప్పుడొస్తుందా అని ఫోన్ చూసుకుంటూ, ఒకరి పిల్లల రేటింగ్ ఒకరు అడిగి తెలుసుకుంటూ పొద్దుపుచ్చుతారు. ఆ మాటల్లో తరచూ దొర్లే ప్రశ్న ఒకటుంది. "ఏం సార్, రేటింగ్ పడిపోతే టైటిల్ గూడా పీకేస్తారా?"

పీకేయరు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల్లో ఈ విషయం తేటతెల్లంగా ఉంది. గ్రాండ్‌మాస్టర్, ఇంటర్నేషనల్ మాస్టర్, ఫిడే మాస్టర్, క్యాండిడేట్ మాస్టర్, మహిళలకు విడిగా ఉన్న నాలుగు టైటిళ్లు... వీటిలో ఏదైనా సరే, ఒకసారి చేతికొస్తే ఆ మనిషి బతికున్నంత కాలం చెల్లుతుంది. మరుసటి నెలే రేటింగ్ 100 పాయింట్లు జారినా, పదేళ్లపాటు పావు ముట్టకపోయినా పేరు ముందున్న ఆ టైటిల్ అక్షరాలను ఎవరూ చెరపరు.

జవాబు ఒక్క మాటలో అయిపోయింది. కానీ ఆ ప్రశ్న వెనకున్న భయం అంత తేలిగ్గా పోయేది కాదు. మన ఊళ్లలో పిల్లల చదరంగాన్ని ఆ భయం ఎంత నష్టపరుస్తోందో చెప్పాలంటే ముందు మన తెలుగు క్రీడాకారిణుల కథలతోనే మొదలుపెట్టాలి.

హారిక లెక్క

గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. కోనేరు హంపి తర్వాత ఆ టైటిల్ సాధించిన రెండో భారతీయ మహిళ. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో మూడుసార్లు కాంస్యం గెలిచింది. ఆమె అత్యధిక రేటింగ్ 2543. గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కు కావలసిన గీత 2500. 2025 జాబితాలు తీసి చూస్తే ఆమె రేటింగ్ ఆ గీతకు దిగువన ఉంది.

మరి ఆమె గ్రాండ్‌మాస్టర్ కాకుండా పోయిందా? 2022 ఆగస్టులో మామల్లపురం ఒలింపియాడ్ గుర్తు చేసుకోండి. నిండు గర్భిణిగా బోర్డు ముందు కూర్చుని ఆడి, జట్టుతో పాటు కాంస్యం అందుకుంది. ఆ నెలలోనే తల్లి అయింది. రెండేళ్లు తిరిగేసరికి 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో భారత మహిళల జట్టు మొదటి బోర్డు బాధ్యత ఆమె మీద పడింది. ఆ పోటీ మొత్తంలో ఆమెకు అనుకున్నన్ని గెలుపులు రాలేదు. కానీ స్వర్ణం ఎవరిదో తేలే చివరి రౌండులో అజర్‌బైజాన్ మీద, గునాయ్ మమ్మద్జాదాను ఓడించింది. భారత్ 3.5-0.5తో గెలిచి, మహిళల ఒలింపియాడ్‌లో తొలిసారి బంగారు పతకం మెడలో వేసుకుంది.

ఆ పోటీలో హారిక రేటింగ్ తగ్గింది, స్వర్ణం వచ్చింది. మొదటి బోర్డు అంటేనే ప్రతి దేశపు మేటి క్రీడాకారిణి ఎదురుపడే చోటు. కింది బోర్డుల్లో ఆడే పిల్లలు స్వేచ్ఛగా గెలవాలంటే పైన ఒకరు ఆ దెబ్బలు కాచుకోవాలి. రేటింగ్ కాపాడుకోవాలనుకునే మనిషి ఆ కుర్చీలో కూర్చోదు. నా దృష్టిలో ఆ పదకొండు రౌండుల్లో హారిక పోగొట్టుకున్న ప్రతి పాయింటూ జట్టుకు కట్టిన చందా.

పొరుగున తమిళనాడు అమ్మాయి వైశాలిదీ ఇదే తీరు. 2023 డిసెంబరులో స్పెయిన్‌లో 2500 దాటి గ్రాండ్‌మాస్టర్ అర్హత పూర్తి చేసుకుంది. తర్వాత రేటింగ్ ఆ గీత కిందికి వచ్చింది. అలా కిందికి వచ్చి ఉన్న రోజుల్లోనే, 2025 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో మహిళల గ్రాండ్ స్విస్ టోర్నీని వరుసగా రెండోసారి గెలిచి, ప్రపంచ చాంపియన్‌తో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీకి అర్హత సాధించింది. రేటింగ్ పడింది కదా అని ఆ వేసవిలోనే టైటిల్ లాగేసుకుని ఉంటే, సమర్‌ఖండ్‌లో ఆ గెలుపు ఎవరి ఖాతాలో రాసేవారు?

గుడివాడలో పుట్టిన హంపి సంగతి ఇంకో రకం. 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు, జూడిత్ పోల్గార్ రికార్డు చెరిపేసి ఆ టైటిల్ సాధించిన అతి పిన్న మహిళగా నిలిచింది. 2009లో ఆమె రేటింగ్ 2623 దాకా వెళ్లింది. పాప పుట్టిన సమయంలో చాలాకాలం ఆటకు దూరంగా ఉంది. ఆడనందుకు ఒక్క పాయింటూ పోలేదు. ఏడాదిపాటు రేటెడ్ గేమ్ ఆడకపోతే పేరు పక్కన 'ఇనాక్టివ్' అని పడుతుంది, అంతే. తిరిగొచ్చి 2019లో మాస్కోలో, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. క్లాసికల్ రేటింగ్ తన పాత శిఖరానికి 80 పాయింట్లకు పైగా కిందున్న సమయంలో, 37 ఏళ్ల వయసులో గెలిచిన రెండో ప్రపంచ కిరీటం అది.

టైటిల్ ఎక్కడిది, రేటింగ్ ఎక్కడిది

మన వరండా చర్చల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. విడదీసి చూద్దాం.

గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మామూలు దారిలో రెండు పనులు జరగాలి. ఒకటి, మూడు నార్మ్‌లు. అంటే కనీసం 9 రౌండులున్న పోటీలో 2600 స్థాయి ప్రదర్శన చూపాలి. ప్రత్యర్థుల్లో కనీసం మూడోవంతు మంది గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. వారి సగటు రేటింగ్ 2380కి తగ్గకూడదు. ఇలాంటివి మూడు కలిసి 27 గేములు కావాలి. రెండు, రేటింగ్ ఏదో ఒక క్షణంలో 2500 తాకాలి. నెల మొదటి తేదీ జాబితాలో అచ్చు కావాలని కూడా లేదు. పోటీ నడుమ ఏ అయిదో రౌండు తర్వాతో 2500 అయి, చివరి రౌండుకల్లా 2490కి వచ్చేసినా లెక్కకు చాలు. ఇంటర్నేషనల్ మాస్టర్‌కు ఆ గీత 2400. ఫిడే మాస్టర్‌కు 2300, క్యాండిడేట్ మాస్టర్‌కు 2200. ఈ రెంటికీ నార్మ్‌ల పనిలేదు.

తాకడం అన్న ఈ మాటలోనే అసలు సంగతి ఉంది. నిబంధన నిన్ను 2500 దగ్గర కాపురం ఉండమనలేదు. ఒకసారి ఎక్కి చూపించమంది.

మరి రేటింగ్? అది నిరుడు ఎలా ఆడావో, మొన్న ఎలా ఆడావో చూసి, రేపు ఎలా ఆడతావో వేసే అంచనా. అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన అర్పాద్ ఎలో లెక్క కట్టిన పద్ధతి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, పైనున్నవారు నూటికి 76 పాయింట్లు సాధిస్తారని ఆ లెక్క ఆశిస్తుంది. ఆశించినదానికన్నా ఎక్కువ చేస్తే కలుపుతుంది, తక్కువ చేస్తే తీసేస్తుంది.

ఒక గ్రాండ్‌మాస్టర్ రేటింగ్ 2510 అనుకుందాం. ఈ స్థాయిలో ఒక గేమ్ వల్ల మారే పరిమితి 10. ఒక ఓపెన్ టోర్నీలో 2310 ఉన్న కుర్రాడి చేతిలో ఓడితే 7.6 పాయింట్లు పోతాయి. అదే రేటింగున్న మరో కుర్రాడి చేతిలో మళ్లీ ఓడితే ఇంకో 7.6. రెండు ఓటములతో 2495. అంటే ఒక వారాంతంలో జలుబు చేసి రెండు గేములు పోతే గీత దాటి కిందికి వచ్చేసినట్టే. టైటిల్‌ను రేటింగ్‌కు ముడిపెడితే ఆయన శనివారం గ్రాండ్‌మాస్టర్, సోమవారం కాదు. మళ్లీ పై నెల గ్రాండ్‌మాస్టర్. ఏ విద్యలోనైనా పండితుణ్ని అలా కొలుస్తామా?

ప్రొద్దుటూరునే అడగండి. కడప జిల్లా ఇది. దుర్భాక రాజశేఖర శతావధాని ఈ ఊరివారు. సి.వి. సుబ్బన్న శతావధానీ ఈ ఊరివారే. అవధానంలో కవి పద్యాలు చెబుతూనే మరోపక్క చదరంగం ఎత్తులు వేయడం పాతకాలపు ఎనిమిది అంశాల్లో ఒకటి కాబట్టి, ఈ ప్రస్తావన మన ఆటకు దూరమేమీ కాదు. వందమంది పృచ్ఛకుల నడుమ ధారణ చేసి చూపినవారికి శతావధాని అన్నది పేరులో భాగమైపోయింది. వయసు మీద పడ్డాక మళ్లీ వందమందిని కూర్చోబెట్టి నిరూపించుకోమని ఎవరూ అడగలేదు. చేసి చూపిన పని చేసినట్టే. జ్ఞాపకశక్తి తగ్గిన నాడు బిరుదు తిరిగిచ్చేయమనే ఆలోచనే మన పెద్దలకు రాలేదు.

రేటింగ్ పుట్టకముందే టైటిల్

చరిత్ర చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఫిడే గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌ను అధికారికంగా ఇవ్వడం మొదలుపెట్టింది 1950లో. మొదటి విడతలో 27 మంది. ఎలో రేటింగ్‌ను ఫిడే స్వీకరించింది 1970లో. అంటే రేటింగ్ కన్నా టైటిల్ ఇరవయ్యేళ్లు పెద్దది. పెద్దదాన్ని చిన్నదానికి నీడను చేయడం ఎలా కుదురుతుంది?

ఆ 27 మంది పేర్లు చూడండి. పోలండ్‌లో పుట్టిన అకిబా రూబిన్‌స్టైన్ అప్పటికి మానసిక అనారోగ్యంతో ఆటకు దూరమై చాలా ఏళ్లయింది. 1930ల తొలినాళ్ల తర్వాత ఆయన పోటీల్లో లేరు. చెక్ దేశస్థుడు ఓల్డ్రిచ్ డూరాస్ మొదటి ప్రపంచ యుద్ధంతోనే ఆట మానేశారు. జాక్ మీసెస్‌కు అప్పటికి 85 ఏళ్లు. ఆ రోజున వారిని బోర్డు ముందు కూర్చోబెట్టి ఉంటే కొత్త కుర్రాళ్ల చేతిలో ఓడిపోయేవారే కావచ్చు. అయినా టైటిల్ ఇచ్చారు. వారు నడిచిన దారిలోనే తర్వాతివాళ్లు నడిచారు కాబట్టి ఇచ్చారు. టైటిల్ పుట్టిందే గడిచిన ఘనతకు గుర్తుగా.

ఆ జాబితాలోని ఫ్రీడ్రిక్ జేమిష్ కథ చదివితే మనసు చివుక్కుమంటుంది. 1920లలో కాపాబ్లాంకా అంతటివాణ్నే ఓడించిన జర్మన్ ఆటగాడు. ఎత్తు వేయడానికి అనంతంగా ఆలోచించే అలవాటు. 1969లో, డెబ్బయి మూడేళ్ల వయసులో, స్వీడన్‌లోని లింకోపింగ్ పోటీకి వెళ్లి 13కు 13 గేములూ గడియారం అయిపోయి ఓడిపోయారు. ఒక్క పాయింటూ లేదు. ఇంతకన్నా కిందికి ఏ ఫలితమూ పడదు. జేమిష్ చనిపోయేదాకా గ్రాండ్‌మాస్టరే. నిమ్జో-ఇండియన్ ఆరంభంలో ఆయన పేరుతో ఉన్న పద్ధతిని ఇవాళ్టికీ పిల్లలు నేర్చుకుంటున్నారు.

ఆ 1950 జాబితాలో ఉండాల్సి ఉండీ లేని పేరు మీర్ సుల్తాన్ ఖాన్. అవిభక్త పంజాబ్‌లో పుట్టి, ఇంగ్లండు వెళ్లి 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయినవాడు. ఆయనకు రేటింగ్ అనేదే లేదు, ఎందుకంటే ఆయన ఆడిన కాలానికి అది పుట్టలేదు. 1966లో కన్నుమూశారు. 2024 ఫిబ్రవరిలో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ప్రకటించింది. ఒక్క పాయింటు రేటింగ్ లేకుండా, మరణించిన దాదాపు 58 ఏళ్లకు వచ్చిన టైటిల్ అది. ఆలస్యమైనా ఆ నిర్ణయం న్యాయమైనది.

మన దగ్గరా అంతే. దేశంలో మొట్టమొదటి జాతీయ చాంపియన్‌షిప్ జరిగింది 1955లో, మన ఏలూరులో. మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రేతో కలిసి ఆంధ్రుడైన డి. వెంకయ్య సంయుక్త విజేతగా నిలిచారు. ఆయన పేరును ఇవాళ మన పిల్లల్లో ఎందరికి చెప్పాం? తొలి జాతీయ విజేతల్లో ఒక తెలుగువాడున్నాడన్న నిజానికి ఏ రేటింగూ అక్కర్లేదు.

టైటిల్ పోయేది ఎప్పుడు

టైటిల్ పోయే సందర్భం ఒకటుంది. మోసం.

జార్జియాకు చెందిన గైయోజ్ నిగలిద్జే రెండుసార్లు తన దేశ చాంపియన్. 2015 ఏప్రిల్‌లో దుబాయ్ ఓపెన్‌లో గేమ్ మధ్యలో మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్తుంటే అనుమానం వచ్చి వెతికితే అక్కడ దాచిన ఫోన్ దొరికింది. ఫిడే మూడేళ్లు నిషేధించి గ్రాండ్‌మాస్టర్ టైటిల్ వెనక్కి తీసుకుంది. ఇగోర్స్ రౌసిస్‌ది ఇంకా విచారకరమైన ఉదంతం. యాభై దాటిన వయసులో ఆయన రేటింగ్ ఏటేటా పెరుగుతూ 2686కు చేరింది. ఆ వయసులో అంత పెరుగుదల చూసి నిపుణులు కన్నేశారు. 2019 జులైలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఆయనా ఫోన్‌తోనే పట్టుబడ్డారు. ఆరేళ్ల నిషేధం పడింది, టైటిల్ పోయింది.

ఈ రెండు కేసులూ ప్రతి కోచింగ్ సెంటర్లోనూ పిల్లలకు చెప్పాలి. నిజాయతీగా ఆడి రేటింగ్ పోగొట్టుకున్న గ్రాండ్‌మాస్టర్ల టైటిల్ జోలికి ఎవరూ వెళ్లలేదు. రేటింగ్‌ను అడ్డదారిలో పెంచుకున్నవాడు టైటిల్‌తో పాటు మొహం కూడా పోగొట్టుకున్నాడు.

జీవితకాలపు టైటిల్‌ను వ్యతిరేకించేవారూ ఉన్నారు. వారి మాటలోనూ బరువుంది. ఎప్పుడో ఒకసారి 2500 తాకి, ఇరవయ్యేళ్లుగా 2300 దగ్గర తిరుగుతున్నవారికి ఇంకా ఉచిత ప్రవేశం, బస ఎందుకంటారు. నార్మ్ టోర్నీల్లో గ్రాండ్‌మాస్టర్ల కోటా నింపడానికి అలాంటివారిని వెతికి పిలుస్తారని కూడా అంటారు. రెండోది జరుగుతున్నదే. కానీ దానికి విరుగుడు నిబంధనల్లోనే ఉంది. ప్రత్యర్థుల సగటు 2380 ఉండాలి కాబట్టి, రేటింగ్ బాగా పడిన గ్రాండ్‌మాస్టర్లనే పోగేస్తే ఆ సగటు కుంగి నార్మే రాకుండా పోతుంది. ఉచిత బస సంగతి నిర్వాహకులకూ ఆటగాడికీ మధ్య వ్యవహారం, దానికి టైటిల్‌ను తప్పుపట్టలేం.

పోటీల్లో నిబంధనలు అమలుచేసే ఆర్బిటర్ల విషయంలో ఫిడే వేరే పద్ధతి పెట్టింది. వారికి లైసెన్సు ఉండాలి, కొంతకాలం పోటీల్లో పనిచేయకపోతే ఇనాక్టివ్ అయిపోతారు. అది సబబే. మారే నిబంధనలు తెలియని ఆర్బిటర్ వల్ల నష్టపోయేది ఆడే పిల్లలు. రేటింగ్ తగ్గిన గ్రాండ్‌మాస్టర్ వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆయన ఓడితే గెలిచిన కుర్రాడికి లాభమే.

లక్షలమంది తెలుగువారున్న అమెరికాలో ఇంకో ఏర్పాటుంది. అక్కడి సమాఖ్య సొంత రేటింగ్‌లో ప్రతివారికీ ఒక నేల ఉంటుంది. నువ్వు చేరిన శిఖరానికి 200 పాయింట్ల దిగువన ఆ నేల. ఎంత ఓడినా దాని కిందికి జారవు. 2200 పైన 300 గేములు ఆడినవారికి 2200 దగ్గరే నేల. ఫిడేలో ఇలాంటి వ్యక్తిగత నేల లేదు. నాకైతే ఫిడే పద్ధతే నచ్చుతుంది. రేటింగ్ ఉన్నదున్నట్టు చెప్పాలి, టైటిల్ చేసినదాన్ని గుర్తుంచుకోవాలి. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకూడదు.

టైటిల్‌ను జీవితాంతం ఉంచడానికి నాకు కనిపించే పెద్ద కారణం వేరే ఉంది. ఆడకపోతే రేటింగ్ తగ్గదని ముందే చెప్పుకున్నాం. రేటింగ్ 2500 కిందికి వస్తే టైటిల్ పోతుందనే నిబంధన ఉంటే, 2510 ఉన్నవారెవరూ ఓపెన్ టోర్నీల వైపు తొంగిచూడరు. ఇంట్లో కూర్చుని అంకెను కాపాడుకుంటారు. 2310 కుర్రాడికి గ్రాండ్‌మాస్టర్‌తో ఆడే భాగ్యమే ఉండదు. టైటిల్ శాశ్వతం కాబట్టే హారిక మొదటి బోర్డు మీద కూర్చోగలిగింది. గుంటూరుకే చెందిన పెంటేల హరికృష్ణ కూడా అంతే. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయి, 2016లో 2770 రేటింగ్‌తో ప్రపంచ పదో ర్యాంకు చూసిన మనిషి, 2024లో అదే బుడాపెస్ట్‌లో తనకన్నా చిన్నవాళ్ల వెనక అయిదో ఆటగాడిగా ఉండి స్వర్ణంలో పాలుపంచుకోగలిగాడు.

మన పిల్లలకు లేని స్వేచ్ఛ

ఈ స్వేచ్ఛ మన కర్నూలు, కడప పిల్లలకు దక్కడం లేదు. వారి దగ్గర పోవడానికి టైటిల్ లేదు, ఉన్నదల్లా నాలుగంకెల రేటింగే. దానికే ఇంట్లో కాపలా మొదలవుతుంది.

పన్నెండేళ్ల కుర్రాడు 1650 మీద ఉన్నాడు. పద్దెనిమిదేళ్ల లోపువారికి గేమ్ ఒక్కింటికి మారే పరిమితి 40, పెద్దవారి కన్నా ఎంతో ఎక్కువ. 1450 ఉన్న ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో ఓడితే ఒక్క గేమ్‌లో 30 పాయింట్లు పోతాయి. ఒక టోర్నీలో అలాంటివి మూడు జరిగితే 90. ఇంటికొచ్చే దారంతా బస్సులో తండ్రి మాట్లాడడు. తర్వాతి టోర్నీకి పేరివ్వరు. "బాగా ప్రాక్టీసు చేసినాక పోదాంలే, ఉండేది గూడా పోతాది" అంటారు. పిల్లవాడు ఆర్నెల్లు ఇంట్లో కంప్యూటర్ ముందు పజిల్స్ చేస్తూ కూర్చుంటాడు. రేటింగ్ 1560 దగ్గర భద్రంగా ఉంటుంది, ఆట మాత్రం ఎదగకుండా ఆగిపోతుంది.

ఆ 40 అన్న పరిమితి పిల్లల మేలు కోరి పెట్టిందే. ఎదిగే వయసులో ఆట వేగంగా మారుతుంది, రేటింగ్ కూడా అంతే వేగంగా దాని వెంట పరుగెత్తాలని. 30 పోయిన గేమ్ ఎలా ఉంటుందో, 30 వచ్చే గేమ్ కూడా అలాగే ఉంటుంది. పడడం ఎంత సులువో లేవడమూ అంతే సులువు. ఆడితేనే లేస్తారు.

ఈ అంకెను ఎంత పట్టుకోవాలో 2024 మార్చి 1 మనకు చెప్పింది. 2000 లోపు రేటింగున్నవారందరికీ ఆ రోజు ఫిడే ఒక్క దెబ్బతో పాయింట్లు పెంచింది. 2000కు ఎంత తక్కువుంటే అందులో నూటికి 40 వంతులు కలిపింది. 1050 ఉన్న పిల్లవాడు నిద్ర లేచేసరికి 1430. 1400 ఉన్నవారు 1640. ఒక్క ఎత్తు వేయకుండానే వందల పాయింట్లు. ఏళ్ల తరబడి కింది స్థాయి రేటింగులు కుంగిపోవడంతో చేసిన దిద్దుబాటు అది. అదే సమయంలో కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. ఇప్పుడు 1400 కిందికి జారితే మళ్లీ అన్‌రేటెడ్. ఆ తర్వాత చాలామంది పిల్లల రేటింగ్ మెల్లగా దిగుతూ వచ్చింది. పిల్లవాడి ఆట చెడిపోయిందని ఇళ్లల్లో దిగులుపడ్డారు. ఆట చెడిపోలేదు. కలిపిన పాయింట్లు సర్దుకుంటున్నాయి, అంతే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో 'అరీనా గ్రాండ్‌మాస్టర్', 'అరీనా ఇంటర్నేషనల్ మాస్టర్' అనే టైటిళ్లున్నాయి. అవి కూడా ఫిడే ఇచ్చేవే. కానీ ఇంట్లో కంప్యూటర్ మీద ఆడి తెచ్చుకునే ఆ టైటిళ్లకూ, బోర్డు ముందు మూడు నార్మ్‌లు సాధించి తెచ్చుకునే గ్రాండ్‌మాస్టర్‌కూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఫ్లెక్సీ మీద పేరు ముందు మూడక్షరాలు కనిపించగానే ఆ తేడా ఏమిటో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

రచ్చబండల మీద పులిజూదం గీతలు గీసుకుని ఆడిన నేల ఇది. మూడు పులులు, పదిహేను మేకలతో తాతలు మధ్యాహ్నాలు మరిచిపోయేవారు. ఆలోచించి ఆడే ఆట ఇక్కడివారికి కొత్త కాదు. పోటీలే దూరం. పేరున్న రేటెడ్ టోర్నీ అంటే కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైచిలుకు, కడప నుంచి చెన్నై 250 పైచిలుకు. స్కూలుకు సెలవు పెట్టించి, తండ్రి దినకూలి పోగొట్టుకుని, లాడ్జిలో దిగి ఆడాలి. అంత ఖర్చు పెట్టి వెళ్లిన చోట 60 పాయింట్లు పోతే గుండె కలుక్కుమనడం సహజం. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఊళ్లోనే నెలకో రేటెడ్ పోటీ ఉంటే ఈ దిగులు సగం తగ్గుతుంది. ఈసారి పోయింది వచ్చే నెల తెచ్చుకోవచ్చన్న నమ్మకం ఉంటుంది.

జిల్లా చదరంగ సంఘాలు, పెద్ద స్కూళ్లు, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని లాంటి ఊళ్ల వ్యాపారులు తలుచుకుంటే ఇది కాని పని కాదు. ఒక హాలు, బల్లలు, గడియారాలు, లైసెన్సున్న ఆర్బిటర్లు, ఫిడేలో నమోదు. ప్రైజ్‌మనీ పెద్దగా లేకపోయినా పిల్లలు వస్తారు. ఇద్దరు ముగ్గురు టైటిల్ ఉన్నవారిని, రేటింగ్ పడినవారైనా సరే, పిలిచి ఆడిస్తే మన పిల్లలకు గ్రాండ్‌మాస్టర్ ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

2025 జులై 28న జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో 38 ఏళ్ల హంపిని 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ ఓడించింది. ఆ గెలుపుతోనే దివ్యకు గ్రాండ్‌మాస్టర్ టైటిల్ నేరుగా వచ్చింది. అప్పటికి ఆమె చేతిలో ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేదు, రేటింగ్ మాత్రం అంతకుముందే ఒకసారి 2500 తాకింది. దేశంలో 88వ గ్రాండ్‌మాస్టర్, మహిళల్లో నాలుగో ఆమె. ఆ నలుగురిలో మొదటి ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ రోజు హంపి ఓడింది. అయినా ఆమె 2002లో ఏమి సాధించిందో అది అలాగే ఉంది.

తల్లిదండ్రులకు నేను కోరేది ఒక్కటే. పోయిన టోర్నీలో రేటింగ్ పడిందని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఈ ఆదివారం ఏ పోటీ ఉంటే ఆ పోటీకి పేరివ్వండి, ఇంటికి తిరిగొస్తూ ఎన్ని పాయింట్లు పోయాయని కాకుండా ఏ గేమ్ బాగా ఆడావని అడగండి.